మత్తు డాక్టర్ దగ్గర దాచొద్దు

"సార్, మా బాపు మళ్ల లేస్తడు గదా?"

హన్మకొండలో మత్తు డాక్టర్‌గా పనిచేసిన ఇన్నేళ్లలో ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర నన్ను ఆపి అడిగిన మాటల్లో ఇదే ఎక్కువ. సర్జన్‌ను ఈ మాట అడగరు. ఆయన్ను "ఆపరేషన్ మంచిగైతదా" అంటారు. మనిషి మళ్లీ కళ్లు తెరుస్తాడా లేదా అన్నది మాత్రం నన్నే అడుగుతారు. అడగాల్సిన మనిషినే అడుగుతున్నారు గానీ, అడగాల్సిన సమయం అది కాదు. స్ట్రెచర్ లోపలికి పోతున్న నిమిషంలో నేను భుజం తట్టి ధైర్యం చెప్పగలను, అంతే. ఇదే ప్రశ్న మూడు రోజుల ముందు అడిగితే నేను తిరిగి పది ప్రశ్నలు వేస్తాను. ఆ పదింటికి వచ్చే జవాబుల్లోనే బాపు క్షేమం చాలావరకు ఉంటుంది.

"మత్తుమందు వికటించి మృతి" అన్న వార్త చదవనివాళ్లు మన దగ్గర ఉండరు. ఆ "వికటించడం" ఏమిటో మాత్రం వార్తలో ఉండదు. కడుపులో ఉన్న చాయ్ ఊపిరితిత్తుల్లోకి పోయినా వికటించడమే అంటారు. ఏదో మందు ఒంటికి పడకపోయినా, ఊపిరి గొట్టం వేయడం కష్టమైనా, అప్పటికే నీరసించిన గుండె తట్టుకోలేకపోయినా, కనిపెట్టి ఉండాల్సిన మనిషి పక్కన లేకపోయినా అదే మాట. ఇవన్నీ వేర్వేరు సంగతులు. వీటిలో చాలావాటి ఆనవాళ్లు ముందే దొరుకుతాయి. రక్త పరీక్ష కాగితాల్లో కొన్ని ఉంటాయి, పేషెంట్ చెప్పే మాటల్లో ఇంకా ఎక్కువ ఉంటాయి.

లోపల జరిగేది

మత్తు అనగానే చాలామంది ఒక సూదిని ఊహించుకుంటారు. సూది వేస్తారు, మనిషి పడుకుంటాడు, డోసు సరిగా ఉంటే లేస్తాడు, ఎక్కువైతే లేవడు అని. జనరల్ అనస్థీషియా, అంటే పూర్తి మత్తు, అలా ఒకసారి వేసి వదిలేసే సూది కాదు. అందులో కనీసం మూడు పనులున్నాయి. తెలివి లేకుండా ఉంచాలి, నొప్పి శరీరాన్ని తాకకుండా చూడాలి, కండరాలు బిగుసుకోకుండా వదులుగా ఉంచాలి. ఒక్కో పనికి ఒక్కో మందు.

ముందు చేతికి క్యాన్యులా, అంటే మందులు ఎక్కించే సన్నటి గొట్టం, పెడతాం. ముఖం మీద మాస్క్ ఆనించి మూడు నాలుగు నిమిషాలు గట్టిగా గాలి పీల్చమంటాం. అప్పుడే మత్తు ఎక్కిస్తున్నారనుకుని చాలామంది ఊపిరి బిగబడతారు. అందులో ఉండేది ఆక్సిజన్. తర్వాతి కొద్ది నిమిషాల్లో మీరు సొంతంగా ఊపిరి తీయరు కాబట్టి, ఆ కాసేపటికి సరిపడా నిల్వ చేసుకుంటున్నాం. బిగబట్టకుండా గుండెల నిండా పీల్చండి.

తర్వాత నొప్పికి ఫెంటానిల్ లాంటి మందు, ఆ వెంటనే పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ రక్తనాళంలోకి ఇస్తాం. మందు పోతుంటే చెయ్యి కొంచెం మండుతుంది, భయపడనక్కర్లేదు. అర నిమిషం లోపు తెలివి తప్పుతుంది. అప్పుడు కండరాలు వదులు చేసే మందు ఇస్తాం. దాంతో ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి కనుక, నోటిలోంచి గాలి గొట్టంలోకి ట్యూబు వేసి వెంటిలేటర్‌కు కలుపుతాం. కరోనా తర్వాత వెంటిలేటర్ అన్న మాట వింటేనే జనం వణికిపోతున్నారు. ఆపరేషన్‌లో మిషన్ మీద పెట్టారంటే పేషెంట్ సీరియస్ అని అర్థం కాదు. ఈ పద్ధతిలో ట్యూబు వేసిన ప్రతి ఒక్కరికీ అది ఉండాల్సిందే.

ఒక్కసారి ఇచ్చిన ప్రొపోఫాల్ ప్రభావం ఐదు పది నిమిషాల్లో తగ్గిపోతుంది. అందుకే ఆపరేషన్ రెండు గంటలైతే ఆ రెండు గంటలూ ఐసోఫ్లూరేన్, సీవోఫ్లూరేన్ లాంటి గ్యాస్ ఊపిరితో పాటు అందుతూ ఉండాలి. దాన్ని ఆపితే మనిషి తేరుకోవడం మొదలవుతుంది. ఇది నిద్ర కూడా కాదు. నిద్రలో ఉన్నవాణ్ని చీమ కుడితే లేస్తాడు. ఇక్కడ కత్తి పెట్టినా కదలడు. కదలడు కాబట్టే ఒక మనిషి ఆయన తరఫున మెలకువగా ఉండాలి. మా పనిలో ఎక్కువ భాగం ఆ మెలకువే.

కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన వేలి క్లిప్పు, అదే పల్స్ ఆక్సీమీటర్, మా దగ్గర సంగీతం లాంటిది. గుండె కొట్టుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ టిక్కు స్వరం బొంగురుపోతుంది. ట్యూబు సరిచేస్తూ వెనక్కి తిరిగి ఉన్నా, ఆ స్వరం ఒక్క మెట్టు దిగితే మా చేతులు ఆగిపోతాయి. దాంతో పాటు బీపీ, ఈసీజీ, వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూపే గీత తెర మీద కదులుతూ ఉంటాయి.

ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న ఈ పట్టుదలకు మన రాష్ట్రంలో పాత చరిత్ర ఉంది. 1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్‌తో మత్తు ఇచ్చి చూపించాడు. ఆ తర్వాత వచ్చిన క్లోరోఫాంతో కొందరు హఠాత్తుగా చనిపోయేవారు. కారణం గుండెలో ఉందా ఊపిరిలో ఉందా అని తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాద్‌లోనే రెండు కమిషన్లు పనిచేశాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బు ఇచ్చాడు, బ్రిటిష్ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. ముందు ఆగేది ఊపిరే అని వాళ్లు తేల్చారు. గుండె కూడా హఠాత్తుగా లయ తప్పి ఆగగలదని తర్వాతి పరిశోధనలు చూపించాయి కాబట్టి, వాళ్లు చెప్పింది సగమే నిజం. ఆ రోజుల్లో అక్కడ క్లోరోఫాం ఇచ్చిన వైద్యురాలు రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్‌గా చెప్పుకుంటారు. వైద్యం చదివే పిల్లలకు ఆమె పేరు చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

కల్లు సంగతి

ఆపరేషన్‌కు ముందు "ఫిట్‌నెస్‌కు పోయి రండి" అని పంపుతారు చూశారా, అది ఈసీజీ కాగితం మీద సంతకం కోసమే అనుకుంటారు. నిజానికి అది మీరు, మీకు మత్తు ఇవ్వబోయే డాక్టర్ మాట్లాడుకునే సమయం. అక్కడ నేను అడిగే ప్రశ్నల్లో అందరూ తల అడ్డంగా ఊపేది ఒకటుంది: "కల్లు తాగుతారా?"

కామారెడ్డి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పిత్తాశయంలో రాళ్లు. పక్కన కొడుకు, కోడలు ఉన్నారు. కల్లు అలవాటుందా అంటే "పండుగకో పబ్బానికో సార్" అన్నాడు. ఆపరేషన్ బాగానే అయింది. రెండో రోజు రాత్రి చేతులు వణకడం మొదలైంది. గోడ మీద పురుగులు పాకుతున్నయన్నాడు, సెలైన్ పైపు పీకేసుకున్నాడు, మంచం దిగి ఇంటికి పోతానన్నాడు. కొడుకు నా చెయ్యి పట్టుకుని "మీరిచ్చిన మత్తు తలకెక్కింది సార్" అన్నాడు. అప్పటిదాకా మూలన కూర్చున్న అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పింది: "రోజుకు నాలుగు సీసలు తాగుతడు బిడ్డా. కోడలి ముందల చెప్పబుద్ధి గాలె."

ఆ సీసల్లో ఉండేది చెట్టు కల్లే అయితే సంగతి వేరు. ఉత్తర తెలంగాణలో చాలాచోట్ల అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని పోలీసు, ఎక్సైజ్ కేసుల్లో మళ్లీ మళ్లీ బయటపడింది. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ఒకటుంది. మేమిచ్చే ప్రొపోఫాల్ పనిచేసేది ఎక్కువగా ఆ దారిలోనే. సీసలో కలిపే ఆ మందులదీ అదే దారి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు వాటికి అలవాటు పడి ఉంటుంది. అందుకే కొందరికి మత్తు మామూలు డోసుతో సరిపోదు. అంతకంటే ప్రమాదం తర్వాత ఉంటుంది. ఆస్పత్రిలో సీస దొరకదు కదా, ఉన్నపళంగా ఆగిపోతే వణుకు, భ్రమలు, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. సారా, విస్కీ తాగేవాళ్లలోనూ ఇదే జరుగుతుంది. పెద్దాయనకు అదే తరహా మందు డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చి కొంచెం కొంచెంగా తగ్గిస్తే వారానికి కుదుటపడి ఇంటికి పోయాడు. ముందే తెలిస్తే ఆ రాత్రి ఉండేదే కాదు.

ఆపరేషన్ ఉందని భయపడి ముందు రోజు మీకు మీరే ఒక్కసారిగా మానేయడం కూడా మంచిది కాదు. రోజుకు ఎన్ని సీసలు, ఎన్నేళ్ల నుంచి, ఆఖరుసారి ఎప్పుడు, ఈ మూడూ చెప్పండి. ఇంటివాళ్ల ముందు నోరు రాకపోతే "సార్, ఒక్క నిమిషం పక్కకు రండి" అనండి. మేము మీ అలవాటుకు తీర్పు చెప్పడానికి అడగం, డోసు లెక్క కోసం అడుగుతాం.

గుట్కా, జర్దా నమిలేవాళ్లు ఇప్పుడే ఒక పని చేసి చూడండి. నోరు పెద్దగా తెరిచి, మీ చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు మూడింటినీ ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి పళ్ల మధ్య పట్టించండి. మూడూ పడితే మంచిది. రెండే పట్టాయంటే, ఒకటే పట్టిందంటే, లోపలి బుగ్గ తాడులా బిగుసుకుపోయిందని అర్థం. తెలివి తప్పిన తర్వాత అలాంటి నోటిలోంచి ట్యూబు వేయడం చాలా కష్టం. ముందే తెలిస్తే, మీరు మెలకువగా ఉండగానే ముక్కులోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం సాయంతో వేయడానికి ఏర్పాటు చేసుకుంటాం. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు ఉంటే అవీ చెప్పాలి. బీడీ, సిగరెట్ అయితే నాలుగు వారాల ముందు మానేస్తే ఊపిరితిత్తులకు నిజమైన మేలు. అంత టైం లేకపోయినా ముందు రోజు ముట్టకపోతే రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గి ఆక్సిజన్‌కు చోటు దొరుకుతుంది.

ఒక్క చాయ్

"అన్నం ముట్టలే సార్, ఒక్క చాయ్ తాగిన, గంతే." ఈ ఒక్క మాటతో ఆపరేషన్ వాయిదా పడితే ఇంటివాళ్లకు కోపం వస్తుంది. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో చీకటితోనే బస్సెక్కి వచ్చినవాళ్లయితే ఆ కోపం న్యాయమే. కానీ కారణం వినండి.

మెలకువలో ఉన్నప్పుడు నీళ్లు పొరమారితే దగ్గుతాం. ఆ దగ్గే ఊపిరితిత్తులకు కాపలా. మత్తులో ఆ కాపలా ఉండదు. కడుపులో ఉన్నది గొంతులోకి ఎగదన్నితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కడుపులోని ఆమ్లం అక్కడి పొరను కాలుస్తుంది. దానితో వచ్చే నిమోనియా ప్రాణం మీదికి తెస్తుంది.

మామూలు లెక్క ఇది. అన్నం, రొట్టె, ఇడ్లీ లాంటివి తిన్నాక కనీసం 6 గంటలు ఆగాలి. మాంసం, నూనె వంటలైతే 8 గంటలు. తల్లిపాలు తాగే బిడ్డకు 4 గంటలు, డబ్బాపాలు, గేదెపాలు అయితే 6 గంటలు. ఒట్టి మంచినీళ్లు 2 గంటల ముందు దాకా తాగవచ్చు. పాలు పోసిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు, పాల లెక్కలోకి వస్తుంది. గంజి అన్నం లెక్కలోకి వస్తుంది. ప్రమాదం జరిగి వచ్చినవాళ్లకు, గర్భిణులకు, షుగర్ ముదిరినవాళ్లకు కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది కాబట్టి వాళ్ల లెక్క వేరుగా చూస్తాం. బరువు తగ్గడానికి, షుగర్‌కు ఈమధ్య వాడుతున్న సెమాగ్లూటైడ్ కూడా కడుపును నెమ్మది చేస్తుంది. వాడుతుంటే తప్పకుండా చెప్పాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. రాత్రి పది నుంచి మర్నాడు మధ్యాహ్నం రెండు దాకా చుక్క నీరు లేకుండా పేషెంట్‌ను ఎండబెట్టడం మన ఆస్పత్రుల్లో చాలా మామూలైపోయింది. నాకు అది నచ్చదు. "నా ఆపరేషన్ ఎన్నింటికి, నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చు?" అని గట్టిగా అడగండి. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గూడేల్లో గోండు, కొలాం కుటుంబాల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా, చలి పెట్టినా, ఆక్సిజన్ కాస్త తగ్గినా వాళ్ల ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాలకు అడ్డం పడతాయి. పరీక్ష చేయించుకున్నప్పుడు ఇచ్చిన కార్డు ఉంటే ఫిట్‌నెస్‌కు వచ్చేటప్పుడే తెచ్చి చూపించండి. దాన్ని బట్టి వాళ్ల నంబర్ పొద్దున్నే ముందు పెట్టిస్తాం, సెలైన్ ముందే ఎక్కిస్తాం, వెచ్చగా ఉంచుతాం.

మందుల విషయంలో సొంత నిర్ణయం వద్దు. "ఆపరేషన్ కదా" అని గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటివి మానేసి వచ్చేవాళ్లున్నారు. హఠాత్తుగా మానితే ప్రమాదం. థైరాయిడ్ మాత్ర ఆ పొద్దున గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రం మామూలుగా మూడు రోజుల ముందే ఆపిస్తాం, ఎందుకంటే ఉపవాసంలో అవి షుగర్ పెరగకుండానే రక్తాన్ని ఆమ్లంగా మార్చేయగలవు. రక్తం పలచన చేసే మాత్రలు ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో గుండె డాక్టర్, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి. పేర్లు గుర్తుండవు కాబట్టి మాత్రల షీట్లన్నీ కవర్‌లో వేసుకుని తెచ్చేయండి. నాటు మందు, ఆయుర్వేదం పొడి ఉంటే అవి కూడా.

పుస్తెలతాడు తీయమన్నప్పుడు చాలామంది అక్కలు, అవ్వలు కన్నీళ్లు పెట్టుకుంటారు. రక్తస్రావం ఆపడానికి సర్జన్ వాడే మిషన్ కరెంటుతో నడుస్తుంది. ఒంటి మీద లోహం ఉంటే దాని దగ్గర చర్మం కాలే అవకాశం ఉంది. చేతులు ఉబ్బితే గాజులు, ఉంగరాలు బిగిసి రక్తం ఆగుతుంది. పసుపు కొమ్ము కట్టిన దారం వేసుకుని రావచ్చు, మాకు అభ్యంతరం లేదు. వేళ్లకు ముదురు గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే వేలి క్లిప్పు సరిగా చదవదు. కనీసం ఒక చేతి వేళ్లు వదిలేయండి.

భయం ఎంత, ప్రమాదం ఎంత

ఆరోగ్యంగా ఉన్న మనిషికి, ముందే అనుకుని చేసే ఆపరేషన్‌లో, కేవలం మత్తు వల్ల ప్రాణం పోవడం అభివృద్ధి చెందిన దేశాల్లో లక్షలో ఒకరు అన్నంత అరుదు. మనిషి ముందు నుంచే జబ్బుగా ఉంటే, ఆపరేషన్ పెద్దదైతే, ఎమర్జెన్సీ అయితే ఆ లెక్క మారుతుంది. మీ లెక్క ఎంతో అడిగే హక్కు మీకుంది. ఆరోగ్యశ్రీ మీద చేయించుకున్నా, సొంత డబ్బు పెట్టినా ఆ హక్కు ఒకటే. ఇంకా రెండు ప్రశ్నలు అడగండి: మత్తు ఇచ్చేది అనస్థీషియాలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీఏ చదివిన డాక్టరేనా? ఆపరేషన్ అయ్యేదాకా ఆ డాక్టర్ అక్కడే ఉంటారా? ఈ ప్రశ్నలకు చిరాకు పడే డాక్టర్ దగ్గర మీరు ఆలోచించుకోవాలి.

మధ్యలో మెలకువ వస్తుందేమో అన్న భయం కూడా చాలామందిలో ఉంటుంది. బ్రిటన్, ఐర్లండ్‌లలో చేసి 2014లో ప్రచురించిన పెద్ద సర్వేలో దాదాపు 19,000 మందిలో ఒకరు అలా చెప్పారు. పూర్తి మత్తుతో చేసే సిజేరియన్లలో అది 670 మందిలో ఒకరి దాకా ఉంది. బిడ్డ కోసం అక్కడ మత్తు పలచగా ఇవ్వాల్సి రావడం, హడావుడి, దానికి కొన్ని కారణాలు. ఎవరికైనా అలా జరిగితే లోపల దాచుకోకుండా డాక్టర్‌కు చెప్పాలి. "కల వచ్చి ఉంటది" అని కొట్టిపారేయకూడదు.

వెన్నుకు సూది వేసి నడుం కింద మాత్రమే మొద్దుబార్చే పద్ధతి గురించి ఒక్క మాట. "ఆ సూది వల్లే జీవితాంతం నడుంనొప్పి" అని సిజేరియన్ అయిన అక్కలందరూ అంటారు. ఆ సూది చాలా సన్నం. గుచ్చినచోట కొన్ని రోజులు నొప్పి, కొందరికి కూర్చుంటే పెరిగే తలనొప్పి రావచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుంనొప్పికి మాత్రం గర్భంలో వెన్ను మీద పడిన భారం, ఒంగి పాలివ్వడం, బిడ్డను చంకనెత్తుకోవడం ఎక్కువ కారణం. ఆ సూదికి భయపడి పూర్తి మత్తే కావాలని పట్టుబట్టొద్దు.

లేచాక గొంతు గరగర ట్యూబు వల్ల, రెండు రోజుల్లో పోతుంది. ముగ్గురిలో ఒకరికి వాంతి వచ్చినట్టుంటుంది. బస్సు ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లకు ఇది ఎక్కువ కాబట్టి ముందే చెబితే మందు ఇస్తాం. పెద్ద వయసువాళ్లు కొద్ది రోజులు తికమకగా మాట్లాడవచ్చు. కళ్లద్దాలు, చెవి మిషన్ వెంటనే ఇచ్చి, తెలిసిన ముఖం పక్కన కూర్చుంటే అది తొందరగా తగ్గుతుంది. అదే రోజు ఇంటికి పంపితే 24 గంటలు బండి నడపొద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

మిగిలింది నా పది ప్రశ్నల్లో ఆఖరిది: "మీకు గానీ మీ రక్త సంబంధీకులకు గానీ మత్తుతో ఎప్పుడైనా ఇబ్బంది అయిందా?"

కండరాలు వదులు చేసే మందుల్లో స్కోలిన్ అని ఒకటుంది. మామూలుగా ఐదు పది నిమిషాల్లో రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైమ్ లోపించినవాళ్లలో అది గంటల తరబడి విడవదు. మన దేశంలో ఈ లోపం ఆర్యవైశ్య కుటుంబాల్లో మిగతావాళ్లకంటే ఎక్కువని వైద్యులు గమనించి రాశారు. లోపం ఉందని తెలియకుండా స్కోలిన్ ఇస్తే, దాని ప్రభావం పోయేదాకా మత్తులోనే ఉంచి వెంటిలేటర్ మీద ఓపిగ్గా చూసుకోవాలి. అలా చూసుకుంటే మనిషి పూర్తిగా కోలుకుంటాడు. ముందే తెలిస్తే ఆ మందు జోలికే పోం, వేరే మందులున్నాయి.

ఒకసారి అపెండిక్స్ ఆపరేషన్‌కు వచ్చిన అమ్మాయిని ఈ ప్రశ్న అడిగాను. తనకు తెలియదంది. బయట ఉన్న వాళ్లమ్మ బియ్యం సంచిలోంచి ఒక పాత డిశ్చార్జ్ కాగితం తీసి ఇచ్చింది. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించి ఉంది. పెద్దకూతురుకు ఎన్నో ఏళ్ల కింద ఏదో ఆపరేషన్ అయితే అక్కడి మత్తు డాక్టర్ ఎర్ర ఇంకుతో "స్కోలిన్ ఇవ్వవద్దు, ఇంటివాళ్లందరికీ చెప్పండి" అని రాశాడు. "ఎర్రగ రాసిండు గదా, పనికొస్తదేమోనని దాచిన సారూ" అంది ఆ అమ్మ. నేను ఆ కాగితాన్ని రెండు జిరాక్సులు తీయించి, ఒకటి కేస్‌షీట్‌కు గుచ్చి, ఇంకొకటి అమ్మాయి చేతికి ఇచ్చాను.